సింగిల్‌కి ఏ వింగ్, డబుల్స్‌కి ఏ వింగ్: కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

స్కూబా డైవింగ్‌లో తేలడానికి వీపున కట్టుకునే గాలిసంచి, అంటే వింగ్, కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎన్ని పౌండ్లది తీసుకోవాలి?" అనే. నేను తిరిగి అడిగేది ఒకటే: "మీ కిట్ మొత్తం నీళ్లలో ఎన్ని కిలోలు తూగుతుంది?" దీనికి ఠక్కున జవాబు చెప్పినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మునిగేది ఎంతో తెలిస్తే, తేల్చేది ఎంత ఉండాలో కూడికలు వచ్చిన పిల్లాడు కూడా చెప్పేస్తాడు. అది తెలియనప్పుడే షాపువాడు చెప్పిన సైజో, పక్కవాడు వాడే సైజో, ఆఫర్‌లో ఉన్న సైజో మన సైజు అయిపోతుంది.

మాది కాకినాడ, ఉద్యోగం సియాటిల్‌లో. డైవింగ్ ఎక్కువగా అక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోనే. ఇక్కడ నీళ్లు ఏడాది పొడుగునా సుమారు 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటాయి, కాబట్టి డ్రైసూట్ (లోపలికి నీళ్లు రానివ్వని సూట్) లేకపోతే కుదరదు. సెలవులకి ఇండియా వచ్చినప్పుడు అండమాన్‌లోనో, విశాఖ రుషికొండ దగ్గరో పల్చటి వెట్‌సూట్‌తో దిగుతాను. సింగిల్ ట్యాంక్‌తోనూ, డబుల్స్‌తోనూ (పక్కపక్కన బిగించిన రెండు ట్యాంకులు) రెండు రకాలుగా దిగుతాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే. అంకెలు నా కిట్‌వి. మీ అంకెలు మీరే తూచుకోవాలి, ఎలా తూచుకోవాలో కూడా చెబుతాను.

జాకెట్ బీసీడీ (చొక్కాలా తొడుక్కునే, తేలడానికి గాలి నింపే పరికరం) మాత్రమే వాడినవాళ్ల కోసం ఒక్క మాట. బ్యాక్‌ప్లేట్ అంటే వీపుకి ఆనే లోహపు పలక. దాని చీలికల్లోంచి రెండంగుళాల వెడల్పు పట్టీ దూర్చి హార్నెస్ కట్టి ఉంటుంది. ఆ పలకకీ ట్యాంక్‌కీ మధ్య ఇరికే గాలిసంచే వింగ్. ఉత్తర ఫ్లోరిడాలో నీటి గుహల్లో దిగేవాళ్ల దగ్గర మొదలైన పద్ధతి ఇది. పలక, పట్టీ, సంచి మూడూ విడివిడిగా ఉంటాయి కాబట్టి సంచి ఒక్కటీ మార్చుకుని అదే హార్నెస్‌తో సింగిల్ నుంచి డబుల్స్‌కి పోవచ్చు. మనం మార్చాల్సింది ఆ సంచినే. దాన్ని మార్చకుండా గడిపేద్దామనుకున్న చోటే చిక్కులన్నీ మొదలవుతాయి.

లెక్కలు రెండే

మొదటి లెక్క ఉపరితలం మీద. మీరు నీళ్లలోనే కిట్ విప్పి పడవవాళ్లకి అందిస్తున్నారనుకోండి. ట్యాంక్ నిండుగా ఉంది, రెగ్యులేటర్లు (ట్యాంక్‌లోని గాలిని నోటికి అందించేవి) తగిలించి ఉన్నాయి, సీసం బరువులు ప్లేట్‌కే ఉన్నాయి. వింగ్‌లో గాలి నింపితే ఆ కిట్ మీరు లేకుండా తనంతట తాను తేలాలి. తేలకపోతే పట్టుజారిన మరుక్షణం అడుగుకి పోతుంది. కాబట్టి నిండు ట్యాంక్‌తో కిట్ నీళ్లలో ఎంత తూగుతుందో, అంతకన్నా కొంచెం ఎక్కువ లిఫ్ట్ ఉండాలి. లిఫ్ట్ అంటే వింగ్ తేల్చగలిగే బరువు, వింగ్ సైజుని పౌండ్లలో చెప్పేది దీన్నే.

రెండో లెక్క లోతులో. డైవ్ మొదట్లో ట్యాంక్‌లో గాలి బరువు అదనంగా మోస్తూ ఉంటారు. గాలికి బరువేమిటి అనుకోకండి. మామూలు అల్యూమినియం 80 ట్యాంక్‌లో (దాదాపు 80 ఘనపుటడుగుల గాలి పట్టేది) నిండా పట్టే గాలి సుమారు 2.7 కిలోలు ఉంటుంది. డైవ్ చివర్లో ఆ బరువు పోయినా మీరు పైకి తన్నుకు రాకూడదు కాబట్టి, ఆ మేరకి మొదట్లో బరువుగానే దిగుతారు. దీనికి తోడు వెట్‌సూట్ లోతుకి పోయేకొద్దీ నలిగిపోతుంది. 30 మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీదకన్నా నాలుగింతలు. సూట్ తయారయ్యే నురగ రబ్బరు, నియోప్రీన్‌లోని బుడగలు కుంచించుకుపోయి, సూట్ తేల్చే శక్తిలో మూడింట రెండొంతుల దాకా పోవచ్చు. గాలి బరువు, సూట్ పోగొట్టుకున్న తేలుడు, ఈ రెండూ కలిపితే వచ్చేదే లోతులో వింగ్ మోయాల్సిన భారం.

ఈ రెండు లెక్కల్లో ఏది పెద్దదైతే అది తీసుకోండి. దానిమీద రెండు మూడు కిలోలు కలుపుకోండి. అంతకి సరిపడే వాటిల్లో అన్నిటికన్నా చిన్న వింగ్ మీది. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతాది దీనికి వివరణ.

చాలామంది మూడో లెక్క ఒకటి కలుపుతుంటారు, తమ ఒంటి బరువు. "నేను 95 కిలోలు ఉంటాను కదా, పెద్ద వింగ్ కావాలేమో" అని. అక్కర్లేదు. మనిషి ఒళ్లు నీళ్లలో ఇంచుమించు తూకానికి తూకంగానే ఉంటుంది. ఒళ్లు పెద్దదైతే సూట్ పెద్దదవుతుంది, సూట్ పెద్దదైతే సీసం పెరుగుతుంది, ఆ సీసం కిట్ మీద పెడితే మొదటి లెక్క పెరుగుతుంది. ఒంటి బరువు వింగ్ దాకా వచ్చేది ఈ అడ్డదారినే తప్ప నేరుగా కాదు.

"ఎక్కువ లిఫ్ట్ ఉంటే నష్టమేముంది, గాలి తక్కువ నింపుకుంటే పోలా?" వైజాగ్‌లో ఉన్న మా బాబాయిగారబ్బాయి వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. అరవై పౌండ్ల వింగ్ ఎవరో సగం ధరకి ఇస్తానన్నారట, సింగిల్ ట్యాంక్‌కి. నష్టం ఉంది తమ్ముడూ. పెద్ద సంచిలో కొంచెం గాలి ఉంటే అది ఒకచోట కుదురుగా ఉండదు. మీరు పక్కకి ఒరిగితే పక్కకి, తల వంచితే కాళ్లవైపుకి పరుగెడుతుంది. వదలాలనుకున్నప్పుడు డంప్ వాల్వ్ (గాలి బయటికి వదిలేది) దగ్గరికి ఒక పట్టాన రాదు. నీళ్లలో ఈదుతుంటే ఖాళీ గుడ్డ అంచులు రెపరెపలాడుతూ వెనక్కి లాగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, సంచిలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇసకో ఉప్పో పట్టి నొక్కుకుపోతే చిన్న సంచి తొందరగా నిండి, ఎక్కువైన గాలిని దానంతటదే వదిలే ఓవర్‌ప్రెషర్ వాల్వ్ దగ్గర ఆగుతుంది. అరవై పౌండ్లది నిండుతూనే ఉంటుంది, మిమ్మల్ని రాకెట్‌లా పైకి లేపుతుంది.

తూచడం ఎలా

లగేజ్ తూచే చేతి కాటా ఒకటి చాలు. విమానం ఎక్కేముందు సూట్‌కేస్‌కి తగిలిస్తామే, అది. ఎలక్ట్రానిక్‌ది కాకుండా స్ప్రింగ్‌ది దొరికితే మేలు, తడిసినా భయం లేదు.

స్విమ్మింగ్ పూల్ గట్టుమీద కూర్చోండి. కిట్ పూర్తిగా బిగించండి: ప్లేట్, వింగ్, నిండు ట్యాంక్, రెగ్యులేటర్లు, మీరు కిట్ మీదే ఉంచే సీసం. వింగ్‌లోని గాలంతా పిండేయండి. ఇన్‌ఫ్లేటర్ పైకెత్తి బటన్ నొక్కిపట్టి సంచిని ఒళ్లో పెట్టుకుని నొక్కితే చివరి గుక్కెడు గాలి కూడా బుస్సుమని బయటికొస్తుంది. తర్వాత ట్యాంక్ మెడకి ఒక తాడు కట్టి, దానికి కాటా తగిలించి, కిట్‌ని నెమ్మదిగా నీళ్లలోకి దించండి. మొత్తం మునిగాక ప్లేట్ వెనకా, పట్టీల మడతల్లో ఇరుక్కున్న గాలి కాసేపు బుడగలుగా వస్తుంది. అవి ఆగేదాకా ఆగండి. ముల్లు ఊగడం మానేశాక చూసిన అంకే మీ మొదటి లెక్క.

పూల్ నీళ్లకీ సముద్రానికీ తేడా ఉంటుంది కదా అంటే, ఉంటుంది. ఉప్పునీరు సుమారు రెండున్నర శాతం బరువెక్కువ. సింగిల్ కిట్ పూల్‌లో చూపించినదానికన్నా సముద్రంలో అరకిలో తేలిగ్గా, డబుల్స్ కిలో దాకా తేలిగ్గా ఉంటాయి. మనకి అనుకూలమైన తేడాయే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

వెట్‌సూట్‌ని తూచాలంటే వల సంచిలో కుక్కి, నీళ్లలో బాగా పిసికి, లోపలి గాలి పోయాక సీసం ముక్కలు ఒక్కొక్కటీ వేస్తూ పోవాలి. సంచి ఎన్ని కిలోల దగ్గర మునగడం మొదలెడితే సూట్ తేలుడు అంత. దాంట్లో మూడింట రెండొంతులు రెండో లెక్కలోకి వేసుకోండి. కొత్త సూట్‌కీ మూడేళ్లు వాడిన సూట్‌కీ తేడా తెలిసేది కూడా ఇక్కడే. నలిగి నలిగి పాత సూట్ తేలుడు బాగా తగ్గిపోతుంది.

డ్రైసూట్‌కి ఈ పద్ధతి కుదరదు. వేసుకునే నీళ్లలోకి దిగాలి. డైవ్ చివర్లో ట్యాంక్‌లో 40 బార్ల పీడనం దాకా మిగిలినప్పుడు, 4 మీటర్ల లోతులో, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి, సూట్‌లో ఒళ్లు నొక్కుకోకుండా ఉండేంత గాలి మాత్రమే ఉంచి, కదలకుండా ఉండగలుగుతున్నారా చూసుకోండి. అప్పుడు ఎంత సీసం ఉంటే అదే మీ సీసం. చాలామంది దీనికన్నా మూడు నాలుగు కిలోలు ఎక్కువ కట్టుకుని, ఆ ఎక్కువని మోయడానికి పెద్ద వింగ్ కొంటారు. ముందు సీసం తగ్గించండి, వింగ్ సైజు దానంతటదే తగ్గుతుంది.

నా మూడు కిట్‌ల లెక్క

వెచ్చటి నీళ్లు, సింగిల్. 3 మిల్లీమీటర్ల సూట్, అల్యూమినియం ప్లేట్, అద్దెకి దొరికే అల్యూమినియం 80. ఈ ట్యాంక్ నిండుగా ఉంటే నీళ్లలో ముప్పావు కిలో మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు కిలోలు పైకి లేస్తుంది. ప్లేట్ ముప్పావు కిలో, రెగ్యులేటర్లు కిలోంబావు. సీసం మూడు కిలోలు కూడా కిట్ మీదే పెట్టినా మొత్తం ఆరు కిలోలకి లోపే. రెండో లెక్క చూస్తే గాలి 2.7, సూట్ నలగడం వల్ల కిలో మీద మరికొంచెం, అంటే నాలుగు కిలోలు. కాబట్టి 18 నుంచి 25 పౌండ్ల వింగ్, అంటే 8 నుంచి 11 కిలోల లిఫ్ట్, పుష్కలం. మా ఆవిడ 18 పౌండ్లదే వాడుతుంది. అండమాన్‌లో ఒక పడవ మీద దాన్ని చూసి "చిన్నపిల్లలదా మేడమ్?" అని అడిగారు. డైవ్ అయ్యాక పైకొచ్చి అలల మీద అందరితో పాటే తల పైకి పెట్టుకుని తేలింది, ఇంక ఎవరూ అడగలేదు.

చల్లటి నీళ్లు, సింగిల్. ఇక్కడ నేను వాడేది స్టీల్ హెచ్‌పీ 100 (హై ప్రెషర్, 100 ఘనపుటడుగుల) ట్యాంక్. నిండుగా ఉంటే నాలుగున్నర కిలోలు మునుగుతుంది, ఖాళీగా ఉన్నా కిలో మునుగుతుంది. స్టీల్ ప్లేట్ రెండుంబావు, రెగ్యులేటర్లు కిలోంబావు. అంటే ఎనిమిది. డ్రైసూట్, లోపల దళసరి ఉన్ని బట్టలు కలిపి బాగా తేలుస్తాయి కాబట్టి సీసం ఇంకో ఏడు కిలోలు కావాలి. గమనించాల్సింది ఇక్కడే. ఆ ఏడు కిలోలు కిట్ మీద పెడితే మొదటి లెక్క పదిహేను, అప్పుడు 30 పౌండ్ల వింగ్ చాలదు, ఎందుకంటే 30 పౌండ్లు 13.6 కిలోలే. 40 పౌండ్లది కావాలి. అదే సీసాన్ని నడుము బెల్ట్ మీదకి మారిస్తే కిట్ ఎనిమిది కిలోలకి దిగిపోతుంది, 30 పౌండ్లది హాయిగా సరిపోతుంది. పైగా అవసరమొస్తే బెల్ట్ వదిలేసి పైకి రావచ్చు. నేను బెల్టే కడతాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు సగం సగం పంచుకోండి.

చల్లటి నీళ్లు, డబుల్స్. రెండు హెచ్‌పీ 100లు: తొమ్మిది కిలోలు. వాటిని కలిపే స్టీల్ బ్యాండ్లు, మానిఫోల్డ్: మూడు. రెండు రెగ్యులేటర్ల సెట్: రెండు. ప్లేట్: రెండుంబావు. పదహారు దాటింది. ఇంకా లైట్ బ్యాటరీ డబ్బా, ట్యాంకుల మధ్య సందులో పెట్టే సీసం ఉన్నాయి. 40 పౌండ్లు అంటే 18 కిలోలు, అంచుమీద ఉంటుంది. 45 నుంచి 55 పౌండ్ల మధ్య తీసుకుంటే నిశ్చింత. అల్యూమినియం 80లు రెండు కలిపితే మాత్రం కిట్ చాలా తేలిక, దానికి 40 పౌండ్లే ఎక్కువ. ఎనభై, వంద పౌండ్ల వింగ్‌లు ఎవరికి కావాలంటే, పెద్ద ట్యాంకులతో పాటు చంకకింద నాలుగైదు స్టేజ్ సిలిండర్లు (విడిగా తగిలించుకునే అదనపు ట్యాంకులు) మోసుకుపోయేవాళ్లకి. మీకూ నాకూ కాదు.

అన్నట్టు, ఈ డబుల్స్ కిట్ నేలమీద 45 కిలోలు దాటుతుంది. ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్క్‌లో ఇసక మీద నడిచి దిగాలి, తిరిగి నడిచి రావాలి. డబుల్స్ కొనేముందు వింగ్ గురించి ఎంత ఆలోచిస్తారో మోకాళ్ల గురించి కూడా అంతే ఆలోచించండి.

ఒకే వింగ్‌తో రెండూ నడపొచ్చా?

నడుస్తుంది అని అమ్మేవాళ్లు ఉన్నారు. నా మాట: వద్దు. లిఫ్ట్ సంగతి తర్వాత, ముందు వెడల్పు కుదరదు. డబుల్స్ వింగ్ మధ్యభాగం వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే పక్కపక్కనే రెండు సిలిండర్లు దాటుకుని సంచి బయటికి రావాలి. అదే వింగ్ మధ్యలో ఒక్క సిలిండర్ పెట్టి గాలి నింపితే రెండు రెక్కలూ పైకి లేచి ట్యాంక్‌ని మసాలా దోశలా చుట్టేస్తాయి. చుట్టేశాక లోపలి అంచుల్లో గాలి ఇరుక్కుపోతుంది. మీరు డంప్ లాగుతారు, కొంచెం వస్తుంది, మిగతాది మడతలోనే ఉండిపోతుంది. సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు కాసేపు ఆగే చోటు) దగ్గర అది ఉన్నట్టుండి బయటపడి పైకి లాగేస్తుంది. ఇటునుంచి అటు చూస్తే, సింగిల్ వింగ్‌కి డబుల్స్ బిగిస్తే సిలిండర్లు రెండూ సంచి మీదే కూర్చుంటాయి, సంచి పూర్తిగా ఉబ్బడానికి చోటే ఉండదు. లేబుల్ మీద ఉన్న పౌండ్లు అందులో రావు.

అందుకే మంచి కంపెనీలు రెండింటినీ వేర్వేరుగా చేస్తాయి. హాల్సియన్ వాళ్లది తీసుకుంటే సింగిల్‌కి ఎక్లిప్స్, 30, 40 పౌండ్లలో. డబుల్స్‌కి ఎవాల్వ్, 40, 60 పౌండ్లలో. రెండింట్లోనూ 40 ఉంది చూడండి. లిఫ్ట్ ఒకటే, ఆకారం వేరు. డబ్బులు చూసుకోవాలంటే ప్లేట్, హార్నెస్ ఒక్కటే కొనుక్కుని వింగ్‌లు రెండు కొనండి. అటునుంచి ఆదా చేయండి.

ఆకారంలో ఇంకో తేడా, గుండ్రటి డోనట్ రకం, కింద తెగిపోయిన గుర్రపు నాడా రకం. డోనట్‌లో గాలి చుట్టూ తిరుగుతుంది, కుడివైపు గాలి ఎడమ డంప్ దగ్గరికి కిందనుంచి రాగలదు. నాడా రకంలో కుడి రెక్కలో చేరిన గాలిని వదలాలంటే ఒళ్లు ఎడమవైపు పైకి ఎత్తి, గాలిని భుజాల మీదుగా తిప్పాలి. అలవాటైనవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. కొత్తగా కొంటున్నవాళ్లయితే డోనట్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు.

కొలతల్లో చూడాల్సినవి

డబుల్స్ బ్యాండ్ల బోల్టుల మధ్య దూరం 11 అంగుళాలు. ప్లేట్ చిల్లులూ, వింగ్ కన్నాలూ దానికి సరిపోవాలి. వింగ్‌కి ఒక్కో వరసలో రెండు మూడు కన్నాలు ఉంటే మంచిది. తల కిందికి వాలుతుంటే వింగ్‌ని ఒక కన్నం పైకి, కాళ్లు కిందికి జారుతుంటే ఒక కన్నం కిందికి జరపొచ్చు. ఒక అంగుళం తేడాతో ఒళ్లు అడ్డంగా కుదురుకోవడం ఎంత తేలికవుతుందో చేసి చూస్తే తెలుస్తుంది.

సింగిల్ వింగ్‌కి కామ్ పట్టీలు (ట్యాంక్‌ని చుట్టి బిగించేవి) దూరే చీలికలు వింగ్‌లోనే ఉన్నాయా, ట్యాంక్ అటూఇటూ దొర్లకుండా రెండు గట్టి దిండ్లలాంటి పట్టీలు ఉన్నాయా చూడండి. అవి ఉంటే మధ్యలో ట్యాంక్‌ని ప్లేట్‌కి కలిపే సింగిల్ ట్యాంక్ అడాప్టర్ అక్కర్లేదు, కిలో దాకా బరువు తగ్గుతుంది, ట్యాంక్ వీపుకి దగ్గరగా ఉంటుంది. అయితే కామ్ పట్టీలు తప్పనిసరిగా రెండు ఉండాలి. ఒక్కటే ఉన్నదాన్ని కొనకండి.

ఇన్‌ఫ్లేటర్ గొట్టం ఎడమ భుజం మీదుగా వచ్చి ఛాతీ డీ-రింగ్ దగ్గర ఆగితే సరి. మరీ పొడుగుంటే కింద వేలాడి పగడాలకీ వలలకీ తగులుకుంటుంది. డబుల్స్‌కి మానిఫోల్డ్ దాటి రావాలి కాబట్టి రెండంగుళాలు ఎక్కువ కావాలి. కింది డంప్ తాడు ఎడమ చెయ్యి వెనక్కి పెడితే చూడకుండా అందాలి. షాపులోనే, చేతికి దళసరి గ్లోవ్ తొడుక్కుని ప్రయత్నించండి. ఇక్కడ మా నీళ్లలో ఉత్త చేతికి అందేవన్నీ గ్లోవ్‌కి అందవు.

గుడ్డ విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. బయట 1000 డెనియర్ నైలాన్, లోపల విడిగా గాలి నిలిచే యురేథేన్ సంచి (బ్లాడర్), మధ్యలో జిప్పు. ఒకే పొరతో చేసినవి తేలిక, ప్రయాణానికి బాగుంటాయి. తుప్పుపట్టిన ఇనప ఓడల్లో దూరేవాళ్లకి రెండు పొరలే మేలు.

వింగ్ చుట్టూ రబ్బరు తాళ్లు బిగించి ఉండేవి కూడా అమ్ముతారు, పెద్ద వింగ్‌ని చిన్నగా పట్టి ఉంచుతాయని. పెద్దది కొని తాళ్లతో కట్టే బదులు చిన్నదే కొనొచ్చు కదా. పైగా బ్లాడర్‌కి చిల్లు పడితే ఆ తాళ్లు ఉన్న గాలిని కూడా పిండేస్తాయి. నోటితో ఊదాల్సి వస్తే ఆ బిగింపుకి ఎదురు ఊదాలి.

రెండు బ్లాడర్ల గొడవ

డబుల్స్ అనగానే ఒకే సంచిలో రెండు బ్లాడర్లు, రెండు ఇన్‌ఫ్లేటర్లు ఉన్న వింగ్ చూపిస్తారు. ఒకటి చిరిగితే ఇంకోటి ఉంటుందని. వినడానికి బాగుంటుంది. డ్రైసూట్ వేసుకున్నవాడికి మాత్రం ఆ రెండోది ఒంటిమీదే ఉంది. వింగ్ పోతే సూట్‌లో గాలి నింపుకుని పైకి రావచ్చు, సూట్ నిండా నీళ్లు చేరితే వింగ్ లేపుతుంది. మూడోది పెట్టుకుంటే దేంట్లో ఎంత గాలి ఉందో తెలియని అయోమయం. రెండో ఇన్‌ఫ్లేటర్ చిన్నగా లీకై దానంతటదే నిండుతుంటే, మీరు మొదటిదాని బటన్ నొక్కుతూ "వదులుతుంటే తగ్గదేంటి?" అని వెతుక్కుంటూ పైకి తేలిపోతారు.

అసలు సమస్య వెట్‌సూట్‌తో స్టీల్ డబుల్స్ మోసేవాళ్లది. రెండు హెచ్‌పీ 100ల్లో గాలే దాదాపు ఏడు కిలోలు, దళసరి సూట్ నలిగితే ఇంకో ఐదారు. 30 మీటర్ల దగ్గర వింగ్ చిరిగితే పన్నెండు కిలోల బరువుతో ఫిన్‌లు కొట్టి పైకి రావాలి. ఎవరివల్లా కాదు. దీనికి మందు రెండో బ్లాడర్ కాదు, ట్యాంకులు మార్చడం. అల్యూమినియం 80లు రెండు, అల్యూమినియం ప్లేట్, 3 మిల్లీమీటర్ల సూట్, బెల్ట్ మీద రెండు కిలోల సీసం అనుకోండి. అదే లోతులో వింగ్ పోతే, బెల్ట్ వదిలేస్తే మిగిలేది ఐదు కిలోల లోపు. కష్టమే, కానీ ఈదుకుంటూ రావచ్చు. వైజాగ్, అండమాన్, కర్ణాటకలోని నేత్రాణి దీవి లాంటి చోట్ల డబుల్స్ మొదలెడదామనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. ఇంకా, డబుల్స్‌లో వాల్వులు వెనక్కి చెయ్యి పెట్టి మూయడం, తెరవడం ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్నాకే సముద్రంలోకి దిగండి. ఎంత మంచి వింగైనా ఆ పని చెయ్యదు.

కొన్నాక, లేదా సెకండ్‌హ్యాండ్‌ది కొనేముందు

వింగ్‌లు చిరిగేది నీళ్లలో తక్కువ, గట్టుమీద ఎక్కువ. కిట్‌ని కారు డిక్కీలోనో బెంచీ మీదో నిలబెట్టేటప్పుడు సంచి అంచు ట్యాంక్ అడుగుకింద ఇరుక్కుంటుంది. దానిమీద నలభై కిలోలు పడితే బ్లాడర్‌కి సూది మొనంత చిల్లు పడుతుంది. నిలబెట్టే ముందు కొంచెం గాలి ఊదితే అంచు పైకి లేచి తప్పుకుంటుంది. డైవ్ అయ్యాక లోపల చేరిన ఉప్పునీళ్లు కింది డంప్ నుంచి వంపేసి, మంచినీళ్లు పోసి, గిలకరించి, మళ్లీ వంపాలి. లేకపోతే ఉప్పు గడ్డకట్టి లోపలినుంచే గీస్తుంది. సగం గాలితో నీడలో వేలాడదీయండి. మన తీరప్రాంతాల చెమ్మకి మడతపెట్టి అటకెక్కిస్తే నెలరోజుల్లో బూజు వాసన వస్తుంది.

ఇండియాలో ఉన్నవాళ్లు వింగ్‌తో పాటే ఇన్‌ఫ్లేటర్ ఓ-రింగులు, వాల్వ్ కోర్ ఒకటి రెండు తెప్పించుకోండి. తర్వాత ఆ చిన్న ముక్క కోసం కొరియర్, కస్టమ్స్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

వాడినది కొంటుంటే బేరం ఆడేముందు ఓవర్‌ప్రెషర్ వాల్వ్ బుస్సుమనేదాకా గాలి నింపి, ఇన్‌ఫ్లేటర్ హోస్ పీకేసి, రాత్రంతా వదిలేయమని అడగండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. తెల్లారేసరికి కొంచెం మెత్తబడితే అది రాత్రి చల్లదనం కావచ్చు, సగానికి పడిపోతే లీకే. అప్పుడు సబ్బునీళ్లు రాసి ఎక్కడ బుడగలొస్తున్నాయో చూడండి. వాల్వ్ దగ్గరైతే ఓ-రింగుతో పోతుంది. కుట్లలోంచి వస్తుంటే లోపలి బ్లాడర్‌ది తప్పు. ఆ మోడల్‌కి బ్లాడర్ విడిగా ఇప్పటికీ అమ్ముతున్నారా కనుక్కుని, దాని ధర బేరంలోంచి తీసేయండి. అమ్మట్లేదంటే ఉచితంగా ఇచ్చినా వద్దు.